ఫోన్ చూస్తూ బండ్లు నడిపేవాళ్ల మధ్య సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లొచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇల్లు మియాపూర్‌లో, ఆఫీసు గచ్చిబౌలిలో. ఈమధ్యే సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టారు. కొండాపూర్ దగ్గర ఒక కారు మీ హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. డ్రైవర్ చేతిలో ఫోన్ ఉంది, అతను కనీసం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అప్పటినుంచి ఇంట్లో మీ అమ్మగారు, భార్య సైకిల్ మానేయమంటున్నారు. ఫోన్‌లో మునిగిన డ్రైవర్లను ముందే కనిపెట్టొచ్చా, మన వైపు నుంచి ఏమైనా చేయొచ్చా, లేక మానేయడమే మంచిదా అని అడిగారు.

నేను ఐటీ కంపెనీల క్యాబ్ డ్రైవర్లకు సురక్షితంగా నడపడంలో శిక్షణ ఇస్తుంటాను. చాలా ఏళ్లుగా పనికి సైకిల్ మీదే వెళ్తున్నాను. ఫోన్ పట్టుకున్న డ్రైవర్‌ని పక్క సీట్లో కూర్చుని చూశాను, అలాంటి బండి ముందు సైకిల్ తొక్కుతూనూ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, మానేయక్కర్లేదు. అయితే ఇప్పుడు వెళ్తున్న దారిలో, ఇప్పటి పద్ధతిలో మాత్రం వెళ్లకండి. దారి మార్చండి. పగలు కూడా వెలిగే వెనక లైటు పెట్టండి. రోడ్డు అంచు వదిలి కొంచెం లోపలికి జరిగి తొక్కండి. అద్దం బిగించండి. వీటన్నిటికంటే ముఖ్యం, డ్రైవర్ మిమ్మల్ని చూశాడని రుజువు దొరికేదాకా చూడలేదనే అనుకోండి. ఇవన్నీ చేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. మిగిలినది బండి నడిపేవాళ్ల చేతుల్లో ఉంది, వాళ్లకు ఫోన్లు చేసేవాళ్ల చేతుల్లో ఉంది. ఆ ఫోన్లు చేసేవాళ్లలో మనమూ ఉన్నాం కాబట్టి దాని గురించీ రాస్తాను.

ముందు ఒక లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు వస్తుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, అదే లేన్‌లో, ఆ కారుకి 50 మీటర్ల ముందు ఉన్నారనుకోండి. మీ ఇద్దరి మధ్య ఉన్న ఆ 50 మీటర్లు 4 సెకన్లలో అయిపోతాయి. మీ చోట స్కూటర్ ఉంటే డ్రైవర్‌కి ఇంకొంచెం టైమ్ దొరుకుతుంది, ఎందుకంటే స్కూటర్ కూడా దాదాపు కారు వేగంతోనే పోతుంది. సైకిల్‌కి ఆ వెసులుబాటు లేదు. రోడ్డు మీద తిరిగే బండ్లన్నిటిలో మనదే తక్కువ వేగం, వెనక నుంచి చూస్తే మనదే సన్నటి ఆకారం.

అమెరికాలో వర్జీనియా టెక్ పరిశోధకులు నిజమైన లారీల్లో కెమెరాలు పెట్టి డ్రైవర్ల చూపు ఎటు పోతోందో రికార్డు చేశారు. 2009లో వాళ్లు వెల్లడించినదాని ప్రకారం, మెసేజ్ చేస్తున్న డ్రైవర్ ప్రతి 6 సెకన్లలో సగటున 4.6 సెకన్లు రోడ్డు మీద నుంచి చూపు తిప్పేస్తాడు. పైన చెప్పిన 4 సెకన్ల పక్కన దీన్ని పెట్టి చూడండి. డ్రైవర్ తల వంచినప్పుడు మీరు చాలా దూరంలో ఉన్నారు, ఎత్తేసరికి బంపర్ ముందున్నారు. ప్రమాదం తర్వాత "ఎక్కడ్నుంచి వచ్చాడో తెలియలేదండీ" అనే మాట మీరు వినే ఉంటారు. చాలామంది డ్రైవర్లు ఆ మాట అబద్ధంగా చెప్పరు. వాళ్లకి నిజంగానే తెలియదు.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో ఫోన్ వాడకం కారణమని నమోదైనవి 3 వేల పైచిలుకు మరణాలు. నా అనుభవంలో ఈ సంఖ్య అసలు కంటే చాలా తక్కువ. ఫోన్ చూస్తున్నానని డ్రైవర్ తనంతట తాను చెప్పడు. చూసినవాళ్లు లేకపోతే ఎఫ్‌ఐఆర్‌లో "అతివేగం, అజాగ్రత్త" అని రాసి వదిలేస్తారు.

బ్లూటూత్ పెట్టుకున్నా అదే గండం

మా శిక్షణలో డ్రైవర్లు ఎక్కువగా వాదించేది ఇక్కడే. "చేత్తో పట్టుకోను సార్, బ్లూటూత్‌లో మాట్లాడతాను, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి కదా" అంటారు. కళ్లు రోడ్డు మీద ఉన్నా మనసు లేకపోతే ఏం లాభం? యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతూ నడిపినవాళ్ల కళ్లు ఎక్కడెక్కడ ఆగాయో పరికరంతో కొలిచారు. తర్వాత వాళ్లని అడిగితే, తమ చూపు సూటిగా పడిన వస్తువులను కూడా చాలావరకు గుర్తుపట్టలేకపోయారు. అంతకుముందు 1997లో టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోన్ రికార్డులను వాళ్ల ప్రమాదాల సమయాలతో పోల్చి చూశారు. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఉంది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకి ప్రత్యేకమైన రక్షణేమీ కనిపించలేదు.

పక్క సీట్లో కూర్చున్న మనిషితో మాట్లాడితే కూడా అంతేగా అని అడుగుతారు. ఇక్కడ తేడా ఉంది. పక్కన ఉన్నవాళ్లకి రోడ్డు కనిపిస్తుంది. ముందు గేదె అడ్డమొస్తే వాళ్లే మాట ఆపేస్తారు, "చూసుకో" అంటారు. ఫోన్‌లో అవతల ఉన్నవాళ్లకి గేదె కనపడదు, మీరూ కనపడరు. వాళ్లు ప్రశ్న అడుగుతూనే ఉంటారు, డ్రైవర్ జవాబు వెతుకుతూనే ఉంటాడు.

ఇంకో విషయం సైకిల్ తొక్కేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఫోన్ పక్కన పెట్టేయగానే మనసు రోడ్డు మీదకి వచ్చేయదు. అదే యూటా బృందం 2015లో చేసిన అధ్యయనంలో, కారుకి నోటితో ఆదేశాలిచ్చే పద్ధతుల్లో కొన్నిటిని వాడిన తర్వాత ధ్యాస పూర్తిగా కుదురుకోవడానికి 27 సెకన్ల దాకా పట్టింది. మన ఊళ్లలో సిగ్నల్ దగ్గర ఆగినవాళ్లు ఏం చేస్తారు? ఎర్ర లైటు పడగానే ఫోన్ తీస్తారు. పచ్చ లైటు పడ్డాక వెనకవాళ్లు హారన్ కొడితే ఉలిక్కిపడి క్లచ్ వదులుతారు. కాబట్టి సిగ్నల్ దాటిన మొదటి అర నిమిషంలో మీ చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది ధ్యాస ఇంకా మెసేజ్‌లోనే ఉందని అనుకోండి.

ఎలా కనిపెట్టాలి

ముందున్న, పక్కనున్న బండ్లలో కనిపెట్టొచ్చు. కొన్నాళ్లు గమనిస్తే మీకే అలవాటవుతుంది. కారు లేన్‌లో మెల్లగా ఒక పక్కకి జరుగుతూ పోయి ఒక్కసారిగా సర్దుకుంటుంది. కారణం లేకుండా వేగం తగ్గుతుంది, మళ్లీ ఉన్నట్టుండి పెరుగుతుంది. ముందు బండికీ దీనికీ మధ్య ఖాళీ పెరిగిపోతుంటుంది. ఇండికేటర్ మలుపు దాటాక కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. చీకటి పడ్డాక అయితే మరీ తేలిక, డ్రైవర్ ముఖం మీద కింద నుంచి తెల్లటి వెలుగు పడుతుంది.

బైకుల వాళ్లలో మెడ భుజం మీదకి వంచి నడిపేవాళ్లు, హెల్మెట్‌లో చెవి దగ్గర ఫోన్ ఇరికించుకున్నవాళ్లు దూరం నుంచే తెలుస్తారు. మెడ వంచినవాడు ఒక పక్కకి తల తిప్పలేడు, ఆ పక్కన మీరు ఉండకండి. డెలివరీ అబ్బాయిలు హోల్డర్‌లో ఉన్న ఫోన్ మీద వేలితో మ్యాప్ జరుపుతూ ఇంటి నంబర్లు వెతుక్కుంటుంటారు. వాళ్లు ఎప్పుడైనా హఠాత్తుగా బ్రేక్ వేస్తారు, ఎటైనా తిరుగుతారు. వాళ్ల వెనక కనీసం రెండు బండ్ల దూరం ఉంచండి. అదే దూరం ఖాళీగా వెళ్తున్న ఆటోకీ, రోడ్డు పక్కన ప్యాసింజర్ కోసం చూసుకుంటూ నెమ్మదిగా పోయే క్యాబ్‌కీ వర్తిస్తుంది. క్యాబ్ డ్రైవర్ యాప్‌లో కొత్త ట్రిప్ మోగితే, కొన్ని సెకన్లలో నొక్కకపోతే అది వేరేవాళ్లకి పోతుంది. ఆ క్షణంలో అతను రోడ్డు చూడడు.

వెనక నుంచి వచ్చేవాళ్లని మాత్రం ఇలా కనిపెట్టలేం. మీరు భయపడాల్సింది కూడా వాళ్ల గురించే. అందుకే మిగతా జాగ్రత్తలన్నీ వెనక వైపు కోసం.

మీరు చేయగలిగినవి

అన్నిటికంటే ముందు దారి. మియాపూర్ నుంచి హఫీజ్‌పేట్, కొత్తగూడ, కొండాపూర్ మీదుగా గచ్చిబౌలి వెళ్లే పెద్ద రోడ్డు సైకిల్‌కి మంచిది కాదు. ఫ్లైఓవర్ ఎక్కే చోట, దిగే చోట బండ్లు వేగం మారుస్తూ లేన్లు మారుస్తాయి. ఫ్లైఓవర్ల మీదకి అసలు వెళ్లకండి, తప్పుకునే చోటే ఉండదు. మసీదుబండ వైపు లోపలి రోడ్లు చూడండి. దూరం కొంచెం పెరగొచ్చు, గుంతలు ఉండొచ్చు, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ ఉండొచ్చు. ఆ స్పీడ్ బ్రేకర్లే మీకు రక్ష. డ్రైవర్ ధ్యాస ఎక్కడున్నా బండి 30 దాటలేని రోడ్డు, 60తో పోయే విశాలమైన రోడ్డుకంటే ఎన్నో రెట్లు మేలు. ఆదివారం పొద్దున్నే ఒకసారి ఆ దారి తొక్కి చూడండి, తర్వాత ఆఫీసు రోజున వెళ్లండి.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో భాగం, తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. మీ ఆఫీసు దారికి అది పెద్దగా పనికిరాదు. కానీ అద్దం చూసుకుంటూ తొక్కడం, ఒంటి చేత్తో సిగ్నల్ ఇవ్వడం, సైకిల్ ఊగకుండా వెనక్కి తిరిగి చూడటం లాంటివి నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. బండ్ల నుంచి వేరుచేసిన దారి ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. రోడ్డు మీద రంగు గీసి సైకిల్ ట్రాక్ అంటే సరిపోదు. ఫోన్ చూస్తున్న డ్రైవర్‌ని రంగు ఆపలేదు, గట్టు ఆపుతుంది. నగరపాలక సంస్థ వాళ్లని అడగాల్సింది ఆ గట్టునే.

రోడ్డు మీద మీ చోటు. కొత్తగా తొక్కేవాళ్లు భయంతో రోడ్డు అంచుకి, కాలువ గట్టుకి అతుక్కుని పోతారు. అది సురక్షితం అనిపిస్తుంది కానీ ప్రమాదం. అంచున ఉంటే డ్రైవర్ లెక్కలో మీరు రోడ్డు మీద ఉన్నట్టే కాదు, అదే లేన్‌లో సందులోంచి దూరిపోతాడు. మీ హ్యాండిల్‌ని కారు రాసుకుంటూ పోయింది బహుశా అందుకే. పైగా గుంత వస్తే తప్పుకోవడానికి మీకు ఎడమ వైపు చోటు ఉండదు. అంచు నుంచి ఒక మీటరు లోపలికి తొక్కండి. రోడ్డు మరీ ఇరుకైతే, ఇద్దరూ పట్టరని తెలిస్తే, కొద్దిసేపు లేన్ మధ్యలోకి వచ్చేయండి. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వండి. హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడు. వీలైన చోట పక్కకి తప్పుకుని దారివ్వండి.

వేగంగా పోయే విశాలమైన హైవే మీద మాత్రం ఈ సూత్రం వర్తించదు. అక్కడ తెల్ల గీతకి అవతల షోల్డర్, అంటే రోడ్డు అంచున వదిలిన ఖాళీ పట్టీ, ఉంటే అందులోనే ఉండండి.

లైటు. వెనక ఎర్ర లైటు రాత్రికే అనుకుంటారు. డెన్మార్క్‌లోని ఓడెన్సే పట్టణంలో 1,845 సైకిళ్లకి పగలూ రాత్రీ వెలిగే లైట్లు బిగించి ఏడాదిపాటు పరిశీలించారు. లైట్లు ఉన్నవాళ్లకి గాయాలయ్యే ప్రమాదాలు లేనివాళ్లకంటే 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఫోన్ చూసే డ్రైవర్ మధ్య మధ్యలో తల ఎత్తి ఒక్క సెకను రోడ్డు చూస్తాడు. ఆ ఒక్క సెకనులో మీరు అతని కంటికి తగలాలి. మినుకుమినుకుమనే లైటు ఆ పని చేస్తుంది, నల్ల టీషర్టు చేయదు. సీటు కింద బిగించండి, బ్యాగు వేలాడి దాన్ని కప్పేయకుండా చూసుకోండి. రాత్రిపూట చీలమండలకి రిఫ్లెక్టర్ పట్టీలు కట్టుకోండి. పైకీ కిందకీ కదిలే వెలుగు చూస్తే అది మనిషేనని మెదడు వెంటనే పోల్చుకుంటుంది. ఒంటి మీద వేసుకునే రిఫ్లెక్టర్ జాకెట్‌కంటే ఇది బాగా పనిచేస్తుంది, ఖరీదూ తక్కువ.

అద్దం. హ్యాండిల్ కుడి చివర చిన్న గుండ్రటి అద్దం దొరుకుతుంది. రోడ్డు సైకిళ్ల వాళ్లు దీన్ని నామోషీగా చూస్తారు, పట్టించుకోకండి. ప్రతి కొన్ని సెకన్లకీ ఒక చూపు వేయండి. వెనక నుంచి వచ్చే బండి మీ కోసం కొంచెమైనా కుడికి జరుగుతోందా లేదా అన్నదే చూడాలి. జరుగుతుంటే మిమ్మల్ని చూశాడు. దగ్గరికొచ్చినా సూటిగా వస్తుంటే చూడలేదనుకుని ఎడమకి, అవసరమైతే మట్టిలోకి దిగిపోండి. ఇందులో పంతానికి పోవద్దు. తప్పు అతనిదే, కాలు విరిగేది మీది.

కూడళ్లు. ఎదుటివాడి కళ్లలోకి చూడమని చాలామంది చెప్తారు. నేను కళ్లను నమ్మను, పైన చెప్పిన యూటా ప్రయోగాల కారణంగానే. అతని చూపు మీ మీద ఉండి కూడా మీరు అతని బుర్రలోకి ఎక్కకపోవచ్చు. ముందు చక్రాన్ని చూడండి. చక్రం ఆగితే, అప్పుడు దాటండి. సిగ్నల్ దగ్గర బస్సుకీ లారీకీ ఎడమ పక్కన నిలబడకండి. అక్కడ మీరు వాళ్ల అద్దాల్లో కనిపించరు. పచ్చ లైటు పడ్డాక మొదటి వరుస బండ్లను వెళ్లనివ్వండి. ఫ్రీ లెఫ్ట్ దగ్గర సూటిగా వెళ్లాలంటే, చాలా ముందే చెయ్యి చూపించి ఆ ఎడమ లేన్‌లోంచి బయటికి రండి.

టైమ్ కూడా మీకు వీలుంటే మార్చుకోండి. ఏడున్నరలోపు బయల్దేరితే స్కూలు బస్సులు తప్ప పెద్ద రద్దీ ఉండదు. నాకు ఎక్కువ భయం వేసేది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య. చీకటి, అలసట, ఇంటి నుంచి ఫోన్లు, అన్నీ ఒకేసారి కలుస్తాయి.

మన చెవుల్లో కూడా ఏమీ ఉండకూడదు. వెనక ఇంజిన్ చప్పుడు వినడం మనకి రెండో అద్దం. సైకిల్ తొక్కుతూ ఫోన్ వాడితే జపాన్‌లో 2024 నవంబర్ నుంచి ఆరు నెలల దాకా జైలు లేదా లక్ష యెన్‌ల దాకా జరిమానా ఉంది. ఇక్కడ అలాంటి కేసులు పెట్టకపోయినా, మనం పాటించనిది కారువాళ్లని అడగలేం.

ఫోన్ చేసేది ఎవరు?

ఒక కంపెనీలో క్యాబ్ డ్రైవర్ల శిక్షణకి పిలిచారు. వరుసగా చిన్న చిన్న యాక్సిడెంట్లు అవుతున్నాయి, డ్రైవర్లు ఫోన్ వదలట్లేదు, గట్టిగా చెప్పండి అన్నారు. డ్రైవర్లతో విడిగా కూర్చుని మాట్లాడితే ఒకాయన అన్నాడు: "మేం ఎవరికి చేస్తాం సార్? వాళ్లే చేస్తారు. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ నుంచి రెండుసార్లు, ఎక్కాల్సిన మేడమ్ ఒకసారి, సార్ ఒకసారి, బండి ఓనర్ ఒకసారి. ఎత్తకపోతే ట్రిప్ కట్." ఫోన్ రికార్డు చూపించాడు. నిజమే. బండి ఎక్కడుందో, కంపెనీలో క్యాబ్‌లు ఏర్పాటు చేసే ఆ డెస్క్ వాళ్లకి జీపీఎస్‌లో కనిపిస్తూనే ఉంది, అయినా ఫోన్ చేసి అడుగుతున్నారు.

అక్కడ డ్రైవర్లకి పాఠం చెప్పడం ఆపి డెస్క్ వాళ్లతో కూర్చున్నాం. బండి కదులుతున్నప్పుడు ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెడితే డ్రైవర్ ఆగినప్పుడు చూసుకుంటాడు, ఎత్తనందుకు ట్రిప్ కట్ చేయకూడదు అని రాసి పెట్టించాం. ఎక్కే ఉద్యోగులకీ అదే చెప్పించాం. డ్రైవర్లు ఫోన్ ఎత్తడం దానంతట అదే తగ్గిపోయింది. ఎవరికీ ప్రత్యేకంగా మంచి బుద్ధి పుట్టలేదు. అన్నం పెట్టే ఫోన్ మోగడం ఆగింది, అంతే. అప్పటినుంచి నేను ఏ కంపెనీకి వెళ్లినా ముందు డెస్క్ వాళ్లనే అడుగుతాను, డ్రైవర్‌కి రోజుకి ఎన్ని ఫోన్లు చేస్తారని.

మీరు కూడా మీ ఆఫీసులో ఇది అడగొచ్చు. ఇంట్లోనూ పాటించొచ్చు. ఫుడ్ ఆర్డర్ ఇచ్చాక "ఎక్కడున్నావ్ బాబూ" అని ఫోన్ చేయకుండా ఉండటం, బండి నడుపుతున్న మనిషి ఫోన్ ఎత్తితే "ఆగాక చెయ్యి" అని మనమే పెట్టేయడం. మా ఇంట్లో ఇదే పద్ధతి. ఎంత అర్జెంటైనా సరే.

మీరు కారు కూడా నడిపేవాళ్లయితే మీకో మాట. మనసు గట్టి చేసుకుని ఫోన్ చూడకుండా ఉంటామనేది జరిగే పని కాదు, మోగితే చెయ్యి పోతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసేముందే డ్రైవింగ్ మోడ్ పెట్టండి, మ్యాప్ సెట్ చేసుకుని గొంతు ఆన్ చేయండి, ఫోన్ చేతికందని చోట పెట్టండి. నేను వెనక సీట్లో బ్యాగులో పెట్టమంటాను.

చట్టం, దెబ్బ తగిలితే చేయాల్సినవి

నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్. 2019 సవరణ తర్వాత మొదటిసారికి వెయ్యి నుంచి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ వేయొచ్చు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే శిక్ష ఇంకా పెరుగుతుంది. 2020 అక్టోబర్ నుంచి నిబంధనల్లో ఒక్క మినహాయింపు ఉంది: ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చు. చట్టం చేత్తో పట్టుకోవడం గురించే చెప్తుంది, బ్లూటూత్ మాటల గురించి చెప్పదు. చట్టం ఊరుకుంది కదా అని అది సురక్షితం అయిపోదు.

దెబ్బ తగిలితే, తగలకూడదనే కోరుకుంటున్నాను, ఈ వరుసలో చేయండి. ముందు 108కి ఫోన్. చిన్న దెబ్బే అనిపించినా ఆస్పత్రికి వెళ్లి రోడ్డు ప్రమాదమని చెప్పి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుకి పనికొచ్చే ఆస్పత్రి నమోదు) రాయించండి, తర్వాత కేసుకి అదే ఆధారం. 2025 మే నుంచి కేంద్రం పథకం ఒకటి అమల్లోకి వచ్చింది, దాని కింద గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స ఇవ్వాలి. మిమ్మల్ని ఆస్పత్రికి చేర్చినవాళ్లని పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని 134ఏ సెక్షన్ చెప్తోంది. చుట్టూ మూగినవాళ్లు భయపడుతుంటే ఆ మాట చెప్పండి.

బండి నంబరు, డ్రైవర్ ఫొటో, రోడ్డు మీద మీ సైకిల్ పడిన తీరు ఫొటో తీయించండి. ఫిర్యాదులో "ఆ సమయానికి డ్రైవర్ ఫోన్ వాడుతున్నాడు, కాల్ రికార్డులు పరిశీలించండి" అని కచ్చితంగా రాయండి. రాయకపోతే ఎవరూ అడగరు. కాల్ రికార్డుల్లో ఫోన్ మాటలు తెలుస్తాయి కానీ వీడియో చూసిన సంగతి తెలియదు, కాబట్టి కళ్లారా చూసినవాళ్ల పేరూ నంబరూ అక్కడే తీసుకోండి. మా సైకిల్ గ్రూపులో ఒకాయన్ని గండిపేట వైపు బైకు గుద్దింది. సైకిల్ వాడే అడ్డం తిరిగాడని బైకు అబ్బాయి స్టేషన్‌లో గట్టిగా చెప్పాడు. వెనక వస్తున్న మిత్రుడి హ్యాండిల్ కెమెరాలో, ఆ అబ్బాయి ఒంటి చేత్తో నడుపుతూ కిందకి చూస్తున్నది స్పష్టంగా ఉంది. ఆ వీడియో లేకపోతే కేసు ఎటు పోయేదో. అప్పటినుంచి మేం గుంపుగా వెళ్తే కనీసం ఒకరి దగ్గర కెమెరా ఉండేలా చూసుకుంటున్నాం.

సైకిల్‌కి ఇన్సూరెన్స్ లేకపోయినా, గుద్దిన బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం అడగొచ్చు. ఆరు నెలలు దాటకుండా వేసేయండి. గుద్ది పారిపోతే, బండి ఆచూకీ దొరక్కపోయినా, తీవ్ర గాయాలకి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. ఈ సంగతి తెలియక అడగనివాళ్లు చాలామంది.

ఇంట్లోవాళ్ల గురించి

మీ అమ్మగారు, మీ భార్య చెప్తున్నది తప్పు కాదు. వాళ్ల భయాన్ని "ఏం కాదులే" అని కొట్టిపారేయకండి. ఆ కొండాపూర్ రోడ్డు మీద తొక్కొద్దంటే ఆ మాట వినండి. దారి మార్చి, లైటూ అద్దమూ పెట్టి, ఒక ఆదివారం మీ భార్యని స్కూటర్ మీద మీ వెనకే రమ్మనండి. వెనక నుంచి మీరు ఎంత దూరంలో కనిపిస్తున్నారో, లైటు ఎండలో తెలుస్తోందో లేదో ఆవిడే చూసి చెప్తారు. అది మీకు నిజంగా పనికొచ్చే సమాచారం, అద్దంలో మీకు మీరు కనిపించరు కదా. వాన పడుతున్న రోజు, ఒంట్లో బాగోలేని రోజు, ఆఫీసులో చీకటి పడేదాకా ఆగాల్సి వచ్చిన రోజు సైకిల్ అక్కడే తాళం వేసి మెట్రోలోనో బస్సులోనో వచ్చేస్తానని మాటివ్వండి, ఆ మాట తప్పకండి.

కొత్త దారి ఖాయం చేసుకున్నాక ఏ కూడలి దగ్గరైనా ఎలా దాటాలో అర్థం కాకపోతే ఇక్కడే రాయండి. ఆ వైపు నేను తరచూ వెళ్తుంటాను, చూసి చెప్తాను.